అవ్వ సీరియల్ తప్పిపోకుండా యాత్ర చేయడమెలా

యాత్ర మాట ఎత్తగానే మా చిత్తూరు వైపు ఇళ్లలో అవ్వ అనే మాట ఒకటే: "మీరు పోయి రాండి నాయనా, నేను ఇల్లు చూసుకుంటా." మోకాళ్ల నొప్పులని సాకు చెబుతుంది. అసలు సంగతి రాత్రి ఏడు నుంచి పది దాకా వచ్చే సీరియళ్లు. ఆమెను ఒంటరిగా వదిలి మనం కాణిపాకం, శ్రీకాళహస్తి తిరిగి రావడం అన్యాయం. టెంపో ట్రావెలర్‌లో వెనక సీట్లు తీయించి పడకలు వేయించుకోవాలనుకునే వాళ్లకు నా సలహా ఇది. ముందు డిష్ సంగతి తేల్చుకోండి, ఆ తర్వాతే ఊళ్ల పేర్లు రాసుకోండి.

ఫోన్‌లో చూడొచ్చు కదా అంటారు. తలకోన అడవిలో మీ ఫోన్‌కు సిగ్నల్ ఎంత వస్తుందో చూసి అప్పుడు మాట్లాడండి. పైగా అరచేతిలో తెర ఒక్కరికే. అవ్వ పక్కన కూర్చుని, ఆ కోడలు ఎందుకు ఏడుస్తోందో అడిగి చెప్పించుకోవాలంటే గోడకు టీవీ ఉండాల్సిందే.

డిష్ చూసేది భూమధ్యరేఖకు పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహాన్ని. దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న జీశాట్-15 నుంచి వస్తుంది. పక్కనే శ్రీహరికోట ఉన్నా, 2015 నవంబరులో ఆ ఉపగ్రహం ఎగిరింది దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి. తిరుపతిలో నిలబడితే అది సరిగ్గా ఆగ్నేయంలో, నేల నుంచి 67 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. మన అదృష్టం చూడండి, శేషాచలం కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి. కపిలతీర్థం దగ్గర కొండ కిందనే బండి ఆపినా కొండ అడ్డం రాదు. అడ్డం వచ్చేవి చెట్లే.

అందుకే నీడ చూసి బండి ఆపకండి. మే నెలలో బంగారుపాళ్యం వైపు మామిడితోపు కనబడగానే డ్రైవరు అటు తిప్పుతాడు. వారించండి. నీడ ఒక పూట సుఖం, కొమ్మల కింద డిష్‌కు మాత్రం ఆకాశమే ఉండదు. ముప్పై అడుగుల చెట్టు ఆగ్నేయంలో ఉంటే దానికి కనీసం పదిహేను అడుగుల దూరంలో డిష్ పెట్టాలి. బండి నీడలో ఉంచి కేబుల్ లాగుదామనే తెలివిగలవాళ్లూ ఉంటారు. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది, దారిన పోయే గేదె కాలికి తగులుకుంటుంది. ఐదు మీటర్లకు మించనివ్వకండి. నీళ్ల కొళాయి, మరుగుదొడ్డి ఎక్కడున్నాయన్నది రెండో విచారణ.

డిష్‌ను బండి పైకప్పుకు బిగించవద్దు. అరవై సెంటీమీటర్ల డిష్ చూపు మూడు డిగ్రీలకు అటూఇటూ. లోపల ఎవరైనా లేచి నడిస్తే బండి ఊగుతుంది, బొమ్మ పోతుంది. నేలమీద ఇనుప స్టాండు పెట్టి, దాని కాళ్ల మీద ఇసుక మూటలు వేయండి. దిక్కు చూసే ఫోన్‌ను బండికి దూరంగా పట్టుకోండి, ఇనుము పక్కన దిక్సూచి అబద్ధం చెబుతుంది. తిరుపతి నుంచి పలమనేరు చేరేసరికే దిక్కు రెండు డిగ్రీలు దక్షిణం నుంచి తూర్పుకు జరుగుతుంది కనుక నిన్నటి గుర్తులు ఇవాళ పనికిరావు. బాక్సు మెనూ తెరిస్తే తెరమీద రెండు గీతలు కనిపిస్తాయి. స్ట్రెంగ్త్ నిండుగా ఉందని సంబరపడకండి, క్వాలిటీ గీత కదలాలి. ఆ గీత పెరిగేదాకా, డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్ఎన్‌బిని దాని గూటిలో మెల్లగా తిప్పండి. దక్షిణాదిన దీని వంపు ఢిల్లీలో కన్నా చాలా ఎక్కువ, అక్కడి వీడియోలు చూసి బిగిస్తే కుదరదు.

ఇదంతా చీకటి పడకముందే జరగాలి. ఆరింటికి బండి ఆగాలి, ఆరున్నరకు బొమ్మ రావాలి. తలకోన వెళ్తే మూడింటికి తిరుగుముఖం పట్టండి. జలపాతం దాకా నడిచే టైము లేకపోతే కింద నుంచే దండం పెట్టుకుని రండి. నీళ్లు మళ్లీ వచ్చే ఏడాదీ పడతాయి, నిన్నటి ఎపిసోడ్ అవ్వకు మళ్లీ దొరకదు. తిరుమల దర్శనం టోకెన్ పగటిపూటదే తీసుకోండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఏ డిష్షూ నిలవదు కాబట్టి ఆ సమయాన్ని సీరియల్ వేళకు దూరంగా పెట్టుకోవాలి.

బండిలో చోటు చాలకపోతే గ్యాస్ స్టవ్, గిన్నెలు ఇంట్లో దించేయండి. సంగటి, చెనక్కాయల చట్నీ ఏ హోటల్లోనైనా దొరుకుతుంది. ఇరవై నాలుగు అంగుళాల ఎల్ఈడీ టీవీ, బాక్సు కలిపి నలభై వాట్లు తింటాయనుకుంటే, 12 వోల్టుల బ్యాటరీ నుంచి మూడు గంటలకు పది ఆంపియర్-అవర్లు పోతాయి. ఇంజను బ్యాటరీని ముట్టుకోకుండా వేరే బ్యాటరీ పెట్టుకోండి. అదీ తగ్గుతుంటే ముందు ఫ్యాన్ ఆపండి. విసనకర్రతో పని నడుస్తుంది. తెర మాత్రం డ్రైవరు వెనకే ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు.

నవంబరులో బయలుదేరకండి. వాయుగుండాలు బంగాళాఖాతం మీదుగా తూర్పు నుంచి, ఆగ్నేయం నుంచి వస్తాయి. మన ఉపగ్రహం ఉన్న దిక్కూ అదే. డిష్ అందుకునే కేయూ బ్యాండ్ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లే, ముసురు వాటిని మింగేస్తుంది. ఆ నెలలో తలకోన నిండుగా దూకుతుందని ఆశ పెట్టేవాళ్ల మాట వినకండి, ఎండాకాలమే మంచిది. మార్చి మధ్యలో, సెప్టెంబరు చివర్లో కొన్నాళ్లు పగలు పదకొండు ప్రాంతంలో సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చి బొమ్మ కాసేపు పోతుంది. పగటిపూట కాబట్టి ఖంగారు వద్దు, విప్పి మళ్లీ బిగించే పని పెట్టుకోవద్దు.

ఫ్రీ డిష్‌కు నెల చందా లేదు. చందా లేకుండా ఉపగ్రహ టీవీ చూడటం మనకు కొత్త కాదు; 1975-76లో సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం కింద ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు, కోళ్ల గూటికి కట్టే వలతో చేసిన పెద్ద డిష్‌లు పెట్టి టీవీ చూపించారు. అప్పుడు ఊరంతా ఒక తెర ముందు కూర్చుంది. ఇప్పుడూ ఏడుకొండల పేరే పెట్టుకున్న డీడీ సప్తగిరి ఉచితంగానే వస్తుంది. అవ్వ సీరియల్ డబ్బు కట్టే చానల్లో ఉంటే మాత్రం వేరే కనెక్షన్ తీసుకోవాలి. అప్పుడు దిక్కు మారుతుంది. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల దగ్గర ఉంటాయి, తిరుపతి నుంచి దాదాపు దక్షిణానికే, 73 డిగ్రీల ఎత్తులో. ఎయిర్‌టెల్‌ది 108.2, అంటే తూర్పుకు బాగా ఒరిగి 53 డిగ్రీలు. అంత కిందికి చూసే డిష్‌కు ముప్పై అడుగుల చెట్టు నుంచి పాతిక అడుగులు జరగాలి. కాబట్టి కనెక్షన్ కొనేముందే అవ్వను కూర్చోబెట్టుకుని, ఆమె చూసే సీరియళ్లు ఏ చానల్లో వస్తాయో ఒక కాగితం మీద రాయించుకోండి.