నిన్న రాలేదేం?

మా రోజుల్లో, అంటే 1970ల చివర్లో, కెనడాలోని విండ్సర్ యూనివర్సిటీలో తెలుగు పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఊళ్లో కందిపప్పు కనబడితే పండగే. యూనివర్సిటీలోని వేనియర్ హాల్లో భోజనాల దగ్గర వడ్డించే పెద్దావిడే మాకు దిక్కు. మా ముందు వచ్చినవాళ్లూ ఆవిడ చేతి తిండి తిన్నవాళ్లే.

మాలో మాంసం ముట్టనివాళ్లుండేవారు. బంగాళాదుంప ముద్ద మీద పోసే గ్రేవీలో గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లుంటాయనీ, ‘పై’ అనే వంటకం చేసే పిండిలో పంది కొవ్వు కలుస్తుందనీ మాకేం తెలుసు? ఆవిడే గరిటె ఆపి తల అడ్డంగా ఊపేది. లోపలికెళ్లి కడిగిన గరిటె ఇంకోటి తెచ్చి బీన్సూ క్యారెట్టూ విడిగా వడ్డించేది. రెండోసారి చెప్పించుకునేది కాదు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఆవిడది మన ఊరు కాదు, మన భాషా కాదు. అయినా పరీక్షలప్పుడు ఒక పూట కనబడకపోతే, మర్నాడు లైను ఆపి మరీ అడిగేది, నిన్న రాలేదేమని.

ఇప్పుడు ఊరి నిండా మన పిల్లలే. వంటకంలో ఏమేం వేశారో పక్కనే రాసి పెడుతున్నారు, మంచిదే. కానీ కార్డు తాకించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీయకుండా ప్లేటు అందుకుని పోతారు. వడ్డించిన మనిషి మొహం చూడరు. నాకు ఒళ్లు మండేది అక్కడే. చాలామంది అసలు ఆ గడపే తొక్కరు. అద్దె కలిసొస్తుందని బేస్‌మెంట్లలో సర్దుకుంటారు. క్లాసులున్నప్పుడు బయట పని వారానికి 24 గంటలు మించకూడదు. అది చేసుకుని అర్ధరాత్రి నూడుల్స్‌తో సరిపెడతారు. ఫీజులు చూస్తే వాళ్లను ఏమనడానికీ నోరు రాదు. మరి తిన్నావా అని వాళ్లను అడిగేదెవరు?

మన దగ్గర అలా అడిగి పెట్టిన డొక్కా సీతమ్మగారు 1909లో పోయారు. వేళ కాని వేళ వచ్చినవాళ్లకూ అన్నం పెట్టిన ఆ తల్లి పేరుతోనే 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆ వార్త చదివి కళ్లు చెమర్చాయి. ఇక్కడ హాలుకు గవర్నర్ జనరల్ వేనియర్ పేరుంది, ఉండనీ. లోపల ఏళ్ల తరబడి గరిటె పట్టినవాళ్ల పేర్లు కూడా ఆ తలుపు పక్కన ఒక పలక మీద చెక్కించాలి. పాత విద్యార్థులెవరైనా ఆ పని తలపెడితే మొదటి చెక్కు నాది.