పేదరికానికో కవరు, కలిమికో కవరు

పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అని మనవాళ్లు ఎవరిని చూసి అన్నారో గాని, ఆ సామెతకు ఇప్పుడు ఆఫ్రికా అంతటా శాఖలు తెరిచారు. కంప్యూటర్ సైన్సు చదువుతానన్న ప్రతి కుర్రాడికీ ప్రవేశం ఉచితం, సామెతలోకి.

నైజీరియాలోని లాగోస్‌లో ఒక కుర్రాడున్నాడనుకుందాం. అతని చేతిలో రెండు కవర్లు. మొదటిది స్కాలర్‌షిప్ ఇచ్చే దాతలకు. అందులో నాన్న ఆదాయ పత్రం, పైన ఒక కష్టాల వ్యాసం. కరెంటు పోతే ఫోను వెలుగులో కోడ్ రాశానని ఆ వ్యాసంలో రాయాలి. పొరపాటున ఇంట్లో చిన్న జనరేటరుందని రాశాడో, పేదరికం మార్కులు అక్కడే ఎగిరిపోతాయి. రెండో కవరు వీసా ఇచ్చేవాళ్లకు. అందులో ఇదే కుటుంబం కలిగిన కుటుంబమని రుజువు కావాలి. పూర్తి స్కాలర్‌షిప్ వస్తే ఈ బెడద ఉండదు. కానీ చాలామందికి దక్కేది సగమో పావో. మిగతా సొమ్ము బ్యాంకులో కనిపించాలి. ఉదయం పదింటికి నిరుపేద, మధ్యాహ్నం రెండింటికి శ్రీమంతుడు. మధ్యలో చొక్కా మార్చుకోవడానికి కూడా వ్యవధి లేదు.

అమీర్‌పేట కన్సల్టెన్సీల మెట్లెక్కిన మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బాబాయి ఎఫ్‌డీ, మావయ్య ప్లాటు వాల్యుయేషన్, అడుగున ఒక సీఏ సంతకం. కాకపోతే మన రూపాయి మెట్టుమెట్టుగా దిగుతుంది. నైజీరియా నైరా మేడ మీంచి దూకింది. 2023 జూన్‌లో దాన్ని మార్కెట్‌కి వదిలేసేనాటికి డాలరు దాదాపు 460 నైరాలు. మరుసటి ఫిబ్రవరికి 1,500 దాటింది. అంటే 100 డాలర్ల దరఖాస్తు రుసుము 46,000 నైరాల నుంచి లక్షన్నరకు ఎక్కింది. అవతలి విశ్వవిద్యాలయం ఒక్క సెంటు పెంచలేదు, పాపం. సరిగ్గా ఆ రోజుల్లోనే కెనడా, ఫీజు కాకుండా ఏడాది ఖర్చులకని విద్యార్థి చూపించాల్సిన మొత్తాన్ని 10,000 కెనడా డాలర్ల నుంచి 20,635కి తీసుకెళ్లింది. 2024 జనవరి 1న అమల్లోకి వచ్చింది, కొత్త సంవత్సరం కానుకగా.

ఇంగ్లీషు సంగతి మరీ ముచ్చట. నైజీరియాకు ఇంగ్లీషు అధికార భాష. దాన్ని అక్కడ పెట్టి వచ్చింది బ్రిటనే. అయినా ఇంగ్లీషు మాట్లాడే దేశాలంటూ బ్రిటన్ వీసా శాఖ పెట్టుకున్న జాబితాలో జమైకా ఉంది, న్యూజీలాండ్ ఉంది, ఆఫ్రికా ఖండం నుంచి ఒక్కటీ లేదు. కాబట్టి చాలామంది ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయాల్సి వస్తుంది. ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. వాళ్ల లెక్కలో ఆఫ్రికా వాడి ఇంగ్లీషు పాలలాంటిది, నిలవుంటే విరిగిపోతుంది.

మరి డబ్బు లేక ఇదంతా జరుగుతోందా అంటే, అబ్బే. ఆఫ్రికా జనాభాలో సగం మంది ఇరవై ఏళ్ల లోపువాళ్లని, రేపటి ప్రపంచానికి కోడ్ రాసేది వాళ్లేనని చెప్పడానికి సదస్సులు జరుగుతూనే ఉంటాయి. హోటల్ హాలు, మెడలో పట్టీకి వేలాడే కార్డు, ఉచిత టీషర్టు, రెండు రోజుల హ్యాకథాన్, చివర్లో ఇద్దరు పట్టుకుంటే గాని నిలబడని అట్టచెక్కు. (నైరోబీలోనూ టీ విరామంలో సమోసాలే. ఆ ఒక్క విషయంలో మనకూ వాళ్లకూ తేడా లేదు.) ఆ హాలు అద్దెతో ఎందరి సెమిస్టర్ ఫీజు కట్టొచ్చో లెక్కగట్టే హ్యాకథాన్ మాత్రం ఎవరూ పెట్టరు.

అదే నైరోబీలో ఇంకో రకం అవకాశం దొరికింది. చాట్‌జీపీటీకి మంచీ చెడూ నేర్పడానికి బూతుల్ని, హింసను చదివి గుర్తులు పెట్టే పని కెన్యా కుర్రాళ్లకు గంటకు రెండు డాలర్లలోపే ఇచ్చి చేయించారని టైమ్ పత్రిక 2023 జనవరిలో రాసింది. ఆ ఉద్యోగానికి కష్టాల వ్యాసం అడిగారని మాత్రం వినలేదు.

పోనీ, చదువునే వాళ్ల గుమ్మంలోకి తీసుకెళ్తే? మనమే తీసుకెళ్లాం. 2023లో ఐఐటీ మద్రాసు టాంజానియాలోని జాంజిబార్‌లో కొలువుదీరింది, విదేశీ గడ్డ మీద తొలి ఐఐటీగా. డేటా సైన్సు డిగ్రీకి ఏడాదికి 12,000 డాలర్లని ప్రకటించింది. టాంజానియాలో సగటు మనిషి ఏడాది ఆదాయం సుమారు 1,200 డాలర్లు. అంటే ఒక ఏడు చదవాలంటే పదేళ్లు తినకుండా, ఉండకుండా, బతికి ఉండాలి. కొందరికి స్కాలర్‌షిప్పులున్నాయి, కాదనను. గుమ్మం దగ్గరికొచ్చింది, గడప ఎత్తే తగ్గలేదు.

చెప్పుకోదగ్గ పనులూ జరిగాయి. రువాండా రాజధాని కిగాలీలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం శాఖకూ దాని మాతృసంస్థకూ కలిపి మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్ 2022లో 27.57 కోట్ల డాలర్లు ప్రకటించింది. అదే ఊళ్లో గణిత సంస్థ ఏఐఎంఎస్ 2018లో మెషిన్ ఇంటెలిజెన్స్ మాస్టర్స్ మొదలుపెడితే గూగుల్, ఫేస్‌బుక్ ఖర్చు పెట్టుకున్నాయి. అట్టచెక్కు బదులు అసలు చెక్కు రాస్తే పని జరుగుతుందని రుజువైపోయింది. ఇంత ఇబ్బందికరమైన రుజువు ఉండీ అట్టముక్కల వ్యాపారం తగ్గలేదంటే, వాటి అందం అలాంటిది.

అన్నీ దాటి పరిశోధకుడైనా అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు. 2018లో మాంట్రియల్‌లో న్యూరిప్స్ అనే కృత్రిమ మేధ సదస్సుకు ఆహ్వానాలందుకున్న ఎందరో ఆఫ్రికన్లకు కెనడా వీసా నిరాకరించింది. మరుసటి ఏడు వాంకూవర్‌లోనూ అదే కథ. సరే, సదస్సే వాళ్ల దగ్గరికి వెళ్తుందని 2020లో అదే రంగంలోని మరో సదస్సు ఐసీఎల్ఆర్‌ను ఇథియోపియాలోని ఆడిస్ అబాబాలో పెట్టారు. ఈసారి కరోనాకు ఎవరి వీసా అక్కర్లేకపోయింది, సదస్సు ఆన్‌లైన్‌కి మారింది. 2023లో కిగాలీలో జరిగేదాకా ఆగాల్సి వచ్చింది.

ఇంతకీ మన లాగోస్ కుర్రాడు. హడావుడిలో కవర్లు తారుమారు చేశాడనుకుందాం. జనరేటర్ ఉందని తెలిసి దాతలు నొచ్చుకున్నారు. ఫోను వెలుగు సంగతి చదివి వీసా అధికారి ఉలిక్కిపడ్డాడు. ఎవరి మర్యాద వాళ్లది, రెండు చోట్ల నుంచీ వెంటనే జవాబులొచ్చాయి. వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నించమన్నారు.

వచ్చే ఏడాది మార్చికి అతని ఇంగ్లీషు గడువు తీరిపోతుంది.