స్టఫ్ బావ

మందు పార్టీ అనగానే లోకమంతా ఏ బ్రాండని అడుగుతుంది. స్టఫ్ బావ మాత్రం "పల్లీలున్నాయా?" అంటాడు. ఉన్నాయంటే ఊరుకోడు. "పచ్చివా, వేయించినవా?" వేయించిన పాకెట్ అని నోరు జారామో, ఆ రాత్రికి మన పరువు గోవిందా.

హైదరాబాదులో డిసెంబరు ఆఖరు. డాబా మీద చలిమంట, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు. జనమంతా సీసా చుట్టూ చేరితే బావ తిన్నగా వంటింట్లో దూరతాడు. "అయిదు నిమిషాల పని చెల్లెమ్మా, నువ్వెళ్లి కూర్చో." ఆవిడ కూర్చోవడమెక్కడ! మూకుడేది, జల్లిగరిటేది, ఇంగువేదీ అంటూ కేకలు. అయిదు నిమిషాలు గంటయ్యేసరికి ఇంట్లోని గిన్నెలన్నీ సింకులో తేలతాయి. "పోన్లెండి అన్నయ్యా" అంటుందావిడ, పళ్లు బిగించి.

చేతివాటం మాత్రం ఒప్పుకోవాలి. పల్లీలు సన్నసెగన వేగాలి, పూర్తిగా చల్లారాలి. ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర తరుగు వేరే గిన్నెలో ఆగాలి. ఉప్పు తగిలితే ఉల్లి నీరొదులుతుంది, పల్లీ మెత్తబడుతుంది. అందుకే గ్లాసులు నిండాకే రెండింటినీ కలిపి నిమ్మకాయ పిండుతాడు. తొందరపడి ఎవరైనా ముందే కలిపేస్తే, ముహూర్తానికి ముందే కాపురం పెట్టినవాళ్లను చూసినట్టు చూస్తాడు.

తర్వాత గుడ్లు. ఉడికినవాటిని సగానికి కోసి, కాస్త నూనెలో కరివేపాకు వేసి, సొన కిందికి వచ్చేలా బోర్లిస్తాడు. పైన మిరియాల పొడి. అవి పాడేరు మిరియాలే కావాలి, అక్కడి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన తీగలవి. పొట్లం ఆయన జేబులోనే ఉంటుంది. (డాలస్‌లో గరాజ్ పార్టీకి వెళ్లినా ఈ బావ కనిపిస్తాడు. అక్కడ కరివేపాకును ఫ్రీజర్లోంచి తీస్తాడు, అంతే తేడా.)

"చలికి మందే వేడిరా" అని ఎవరో అంటారు. బావకు ఒళ్లు మండుతుంది. "వేడా పాడా! చర్మం కింద రక్తనాళాలు వెడల్పయి ఉన్న వేడి కూడా బయటికి పోతుంది. వెచ్చగా ఉండాలంటే స్వెటరేసుకుని ఈ గుడ్డు తిను." పక్కనే ఉన్న డాక్టరుగారు తలూపి, ఇంకో పెగ్గు పోసుకుంటారు.

బావ తాగేది మాత్రం ఒక్కటే పెగ్గు, అదీ సోడాతో, తెల్లారేదాకా. "నాకలవాటు లేదోయ్, ఊరికే కంపెనీ." పల్లీల దగ్గర ఆ నియమం లేదు. వేగాయో లేదో అని ఓ గుప్పెడు, ఉప్పు సరిపోయిందో లేదో అని ఇంకోటి, పులుపు చూడాలి కాబట్టి మరోటి. ప్లేటు మేడెక్కేసరికి అందులో ఉల్లిపాయలే ఎక్కువ. చివర్లో వాటాలు లెక్కేస్తుంటే బావ చెప్పులు వెతుక్కుంటాడు. తాగని మనిషికి వాటా ఏమిటని ఆయన వాదన.

ఈ చలికాలం మీ ఇంటికీ వస్తాడు. పిలవండి, ఆ పల్లీలు నిజంగా బాగుంటాయి. అరకిలో ఎక్కువ కొనండి. గిన్నెలు కడిగాకే మేడెక్కాలని మాత్రం ముందే చెప్పండి.