అరువు క్షిపణికి సొంత జెండా

1946 అక్టోబరు. బ్రిటన్‌లో రొట్టెకు రేషను. యుద్ధం జరిగినన్నాళ్లూ లేని కోత, గెలిచాక పడింది. సరిగ్గా అప్పుడే ప్రధాని అట్లీ రహస్య కమిటీలో అణుబాంబు మీద చర్చ. ఖజానా వట్టిపోయింది మహాప్రభో అని మంత్రులిద్దరు మొత్తుకున్నారు. ఆలస్యంగా వచ్చిన విదేశాంగ మంత్రి బెవిన్ కొట్టిపారేశాడు. ఎంత ఖర్చయినా బాంబు ఉండాల్సిందే, దాని నెత్తిన యూనియన్ జాక్ ఎగరాల్సిందే!

అంత పౌరుషం ఎందుకు పొడుచుకొచ్చింది? యుద్ధకాలంలో తన శాస్త్రవేత్తల్ని, పరిశోధనల్ని తీసుకెళ్లి అమెరికా చేతిలో పెట్టింది బ్రిటన్. పని కాగానే 1946 మెక్‌మహోన్ చట్టంతో వాషింగ్టన్ తన అణు రహస్యాలకు తలుపేసేసింది. యుద్ధం ముగిసినా కలిసే పనిచేద్దామని రూజ్‌వెల్ట్, చర్చిల్ 1944లో రాసుకున్న కాగితం ఏదయ్యా అంటే, అమెరికా ప్రతి గల్లంతు! నౌకాదళ కాగితాల్లో పడి ఉందని తర్వాతెప్పుడో తేలింది. ఇదీ ‘ప్రత్యేక బంధం’.

సరే, సొంతంగానే చేశారు. దాదాపు 10 కోట్ల పౌండ్ల ఖర్చు పార్లమెంటు కంట పడకుండా పద్దుల్లో దాచి మరీ చేశారు. 1951లో మళ్లీ గద్దెనెక్కిన చర్చిలే నోరెళ్లబెట్టాడు. మరి పేల్చేదెక్కడ? లండన్ శివార్లలోనా? అబ్బే! 1952లో ఆస్ట్రేలియా మాంటెబెల్లో దీవుల్లో. ఆపైన అక్కడి ఎడారిలోని ఎము ఫీల్డ్, మరలింగ. తరతరాలుగా ఆ ఎడారిలో తిరిగే ఆదివాసుల కోసం హెచ్చరిక బోర్డులు పెట్టారు. ఇంగ్లీషులో! చదవడం రాకపోతే వాళ్ల ఖర్మ. గస్తీ అధికారి వాల్టర్ మెక్‌డూగల్ ఆదివాసుల తరఫున నోరెత్తాడు. ఆస్ట్రేలియా సరఫరా శాఖ ప్రధాన శాస్త్రవేత్తకు ఒళ్లు మండింది. ఈయనగారికి బ్రిటిష్ కామన్వెల్త్ కంటే పిడికెడు మంది స్థానికుల గొడవే ఎక్కువైపోయిందని ఉత్తరం రాశాడు. విన్నారుగా? పిడికెడు మంది!

1957లో, బాంబుకు ప్లుటోనియం వండే విండ్‌స్కేల్ రియాక్టరు తగలబడింది. చుట్టుపక్కల పాడి రైతుల పాలన్నీ పారబోయించారు. విచారణ నివేదికను ప్రధాని మాక్‌మిలన్ తొక్కిపెట్టాడు. ఎందుకట? అమెరికా చూస్తే చేతకానివాళ్లనుకుంటుందట! పంట పండింది. 1958లో అమెరికాతో అణు ఒప్పందం కుదిరింది. సొంత క్షిపణి బ్లూ స్ట్రీక్‌ను 1960లో అటకెక్కించి, అమెరికా స్కైబోల్ట్ కోసం చేయి చాచారు. 1962లో అమెరికా దాన్నీ అటకెక్కించింది. మాక్‌మిలన్ బహమాస్ దాకా పోయి, కెనెడీని బతిమాలి పొలారిస్ క్షిపణులు తెచ్చుకున్నాడు.

ఇప్పుడు ట్రైడెంట్. వార్‌హెడ్ తయారీ ఆల్డర్‌మాస్టన్‌లో, మీట బ్రిటన్ ప్రధాని చేతిలో. నిజమే. క్షిపణి మాత్రం అమెరికా జార్జియా రాష్ట్రంలోని స్థావరంలో ఉన్న ఉమ్మడి నిల్వలోంచి తెచ్చుకోవాలి. ఎరువు సొమ్ము బరువు చేటన్నారు మన పెద్దలు. వీళ్లు మాత్రం దీన్ని ‘స్వతంత్ర’ ఆయుధం అంటారు!

2016 జూన్‌లో ఫ్లోరిడా తీరాన ప్రయోగించిన ట్రైడెంట్ దారి తప్పింది. మరుసటి నెలలోనే ట్రైడెంట్‌ను మోసే కొత్త జలాంతర్గాముల మీద పార్లమెంటులో ఓటింగు. ఎంపీలకు చెప్పారా? చెప్తారా! గుట్టు పత్రికకెక్కాక, మీకు ముందే తెలుసా అని ప్రధాని థెరెసా మేని టీవీలో నాలుగుసార్లు అడిగారు. నాలుగుసార్లూ దాటేసింది. 2024 జనవరిలో మళ్లీ ప్రయోగం. ఈసారి రక్షణ మంత్రి గ్రాంట్ షాప్స్ స్వయంగా జలాంతర్గామిలోనే ఉన్నారు. లేచిన క్షిపణి లేచినట్టే దగ్గర్లోని నీళ్లలో బుడుంగుమంది. మా నమ్మకం చెక్కుచెదరలేదు, ఇది ఈ ఒక్కసారికి పరిమితమైన లోపమే అని వివరణ ఇచ్చారు. మరి 2016లోది ఏ ఖాతాలో రాసుకోమంటారు సార్?