చివర్నుంచి ఫస్టు

దేశంలో పొదుపు పోటీలు పెడితే బంగారు పతకం రాయపూర్ రైలెక్కాల్సిందే. కేంద్ర గణాంక శాఖ 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వేలో తలసరి నెల ఖర్చు అన్ని రాష్ట్రాల కన్నా తక్కువ ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లోనే. పల్లెలో 2,739 రూపాయలు, పట్నంలో 4,927. సిక్కిం పట్నవాసి 13,927 తగలేస్తుంటే మనవాడు అందులో మూడోవంతు పైచిలుకుతో నెల గట్టెక్కిస్తున్నాడు. అంతకుముందు ఏడాదీ ఈ ర్యాంకు మనదే. టైటిల్ నిలబెట్టుకోవడమంటే మాటలా?

ఈ విజయం వెనక రకరకాల క్రీడాకారులున్నారు.

తెల్లారేసరికి కూలీల అడ్డా మీద నిలబడే ఆడమనిషికి బడ్జెట్ రాసుకునే తీరిక లేదు. ఆమె ఖజానా కొంగు ముడిలోనే. బియ్యం రేషన్లో వస్తాయి, మిగతావన్నీ కొనాలి. సాయంత్రం కూలి డబ్బులు చేతిలో పడ్డాక పది రూపాయల నూనె, అయిదు రూపాయల పసుపు, ఒక షాంపూ ప్యాకెట్టు. లెక్కగట్టి చూస్తే లీటరు నూనెకి ఆమె పెట్టే ఖరీదు మాల్‌లో అయిదు లీటర్ల క్యాను కొనే డాక్టరుగారి కన్నా ఎక్కువే తేలుతుంది. ఆయనకి క్యానుతో పాటు కిలో పంచదార ఫ్రీ. పొదుపు చెయ్యాలన్నా ముందు పెట్టుబడి ఉండాలన్న రహస్యం పొదుపు మీద ఉపన్యాసాలిచ్చే పెద్దలు పొరపాటున కూడా బయటపెట్టరు.

మధ్యలో ఉన్నవాడు మన తెలుగువాడు. తాతగారు రైల్వే ఉద్యోగం పట్టుకుని విజయనగరం లైను మీద వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. మనవడి దగ్గర బడ్జెట్ ఉంది, అదీ ఎక్సెల్‌లో. ఇంటి ఈఎంఐ, బండి ఈఎంఐ, పిల్లాడి కోచింగ్ ఫీజు పోగా అడుగున మిగిలిన గడికి ‘ఇతరములు’ అని పేరు. అన్నం, కూర, జ్వరం, ఊళ్లో మేనకోడలి పెళ్లి అన్నీ ఆ గడిలోనే సర్దుకోవాలి.

డబ్బున్నవాళ్లుండే వీఐపీ రోడ్డు వైపు పొదుపు ఇంకా కఠోరం. అక్కడ పెళ్లివారు ‘ఈసారి బడ్జెట్‌లో కానిచ్చేస్తున్నాం’ అంటే ఉదయ్‌పూర్ మానుకుని ఊళ్లోనే రిసార్టు తీసుకున్నారని అర్థం. అతిథులు వెయ్యి మందే. ఆ త్యాగం తలుచుకుని పెళ్లికొడుకు తల్లి కళ్లు ఒత్తుకుంటుంది.

వర్గాలన్నిటినీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టిన ఘనత బోరే బాసీది. రాత్రన్నంలో నీళ్లు పోసి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తింటారు. మన చద్దన్నమే. 2022 మే డే నాడు అందరూ బాసీ తినాలని అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపిచ్చారు. పెద్ద పెద్ద అధికారులు గిన్నె ముందు కూర్చుని ఫొటోలు దిగి లోకానికి చూపించారు. కూలీ ఇంట్లో గిన్నెకి ఫొటోగ్రాఫరు రాలేదు. అక్కడ మే డే రోజూ ఉంటుంది కాబట్టి వార్త కాదు.

ఇక సర్కారువారు. 2025 మార్చిలో ఆర్థిక మంత్రి ఓ.పి. చౌధరి 1.65 లక్షల కోట్ల బడ్జెట్‌ని వంద పేజీలు స్వదస్తూరీతో రాసి తెచ్చారు. టైపింగు ఖర్చు మిగిలింది. మహతారీ వందన్ పథకం కింద పెళ్లైన ఆడవాళ్లకి నెలకి 1,000 రూపాయలిస్తున్నారు. 2011-12కి ప్రణాళికా సంఘం పట్నాల్లో గీసిన పేదరిక రేఖ కూడా తలకి నెలకి సరిగ్గా 1,000! కాబట్టి డబ్బు ఖాతాలో పడ్డ నాడే పేదరికం దాటి గట్టు చేరినట్టే, ధరలు అప్పటి నుంచీ కదలకుండా కూర్చున్నాయనుకుంటే. ఎమ్మెల్యేలకి మాత్రం నెలకి 95 వేలు చాలక 2022లో 1.60 లక్షలు చేసుకున్నారు. వాళ్లకి గీత కాస్త ఎత్తున గీసుకున్నారు, అంతే.

గీతలకి మనకేం కొదవ? కుటుంబం ఏడాదికి 8 లక్షల లోపు సంపాదిస్తే ఈడబ్ల్యూఎస్ కోటాలో ‘ఆర్థికంగా బలహీనులు’. కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయప్పన్ను కట్టక్కర్లేని మధ్యతరగతి. నెలకి 1,000 దాటి తిన్నవాడు పాత రేఖ ప్రకారం పేదవాడే కాదు. కనుక రాయపూర్‌లో ఎవరికైనా తాము బీదో గొప్పో తేల్చుకోవాలనిపిస్తే జేబు తడుముకుని లాభం లేదు. చేతిలో ఉన్నది ఏ దరఖాస్తో చూసుకోవాలి.