హ్యావ్ సారు

పటాన్‌చెరు, భానూరు చుట్టుపక్కల ఏ షెడ్డులోకి వెళ్లినా ఒక హ్యావ్ సారు తగులుతాడు. స్టోర్స్ ఇన్‌చార్జో, షిఫ్ట్ ఇన్‌చార్జో అయి ఉంటాడు. ఆయన ఇంగ్లిషులో క్రియ ఒంటరిగా గడప దాటదు. ముందు ‘హ్యావ్’ నడవాలి, లేదంటే ‘హ్యాజ్’. ‘ఐ కేమ్’ అనేది హెల్పరు మాట, ‘ఐ హ్యావ్ కమ్’ అనేది ఆఫీసరు మాట. ఆయన లెక్కలో ‘హ్యావ్’ అంటే క్రియకు తగిలించే ‘గారు’.

భానూరు భారత్ డైనమిక్స్‌లో ట్యాంకులను గురిచూసి కొట్టే క్షిపణులు తయారవుతాయి. సారు ‘హ్యావ్’కు మాత్రం గురి ఉండదు. బయోడేటాలో ‘ఐ హ్యావ్ పాస్డ్ డిప్లొమా ఇన్ 1987’. లీవ్ లెటర్లో ‘ఐ హ్యావ్ సఫర్డ్ ఫ్రమ్ ఫీవర్ లాస్ట్ వీక్’. తండ్రి వర్ధంతి నాడు వాట్సాప్ గ్రూపులో ‘మై ఫాదర్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్ ఇన్ 2004’ అని పెట్టాడు. చదివినవాళ్లు ‘ఎక్స్‌పైర్డ్’ దగ్గరే ఆగిపోయారు. పది కొట్టకముందే ఇద్దరు పూలదండ పట్టుకుని ఇంటికొచ్చారు. సారు ఇడ్లీ తింటున్నాడు.

ఇంకోసారి లాగ్‌బుక్కులో ‘కంప్రెసర్ హ్యాజ్ స్టాప్డ్ ఎట్ 2.15’ అని రాసి, ఫొటో తీసి మెయింటెనెన్స్ గ్రూపులో పడేశాడు. అది పది నిమిషాలకే మళ్లీ నడిచింది. ఆ సంగతి రాయలేదు. మెకానిక్ పటాన్‌చెరు నుంచి టూల్స్ సంచీతో బండి మీద దిగేసరికి కంప్రెసర్ దడదడమంటోంది.

‘ఆగిందన్నదెవరు?’

‘నేనే. ఆగింది, అయిపోయింది. అదే రాసిన.’

కొత్తగా చేరిన ట్రైనీ అమ్మాయి ఉండబట్టలేక అంది: ‘సార్, ‘హ్యాజ్ స్టాప్డ్’ అంటే ఇంకా ఆగే ఉన్నట్టు. నిన్న, పోయినేడు, రెండుంబావుకు అని గడిచిపోయిన టైము చెప్పినంక హ్యాజ్ పెట్టొద్దు. ఉత్త ‘స్టాప్డ్’ చాలు. జరిగినదాని జాడ ఇప్పటికీ ఉంటేనే హ్యాజ్.’

‘నువ్వు మొన్న పుట్టినవ్ బిడ్డా. నేను రెన్ అండ్ మార్టిన్ చదివిన.’

చదివిన మాట నిజమే. గడిచిన కాలాన్ని చెప్పే మాటల పక్కన ఈ రూపం వాడొద్దని ఆ పుస్తకంలోనే ఉంది. సారు ఆ పేజీకి రాకముందే దానికి అట్ట వేసి బీరువాలో భద్రపరిచాడు.

డాలస్‌లో ఉన్న అల్లుడు ఫోనులో ‘ఐ జస్ట్ ఏట్’ అంటే ఆయనకు ముద్ద దిగదు. ఇప్పుడే తిన్నానని చెప్పడానికి బ్రిటిషువాళ్లు మామూలుగా ‘హ్యావ్’ పెడతారు, అమెరికాలో అది లేకుండానే చెల్లిపోతుంది. ‘అంత జీతమొస్తది, ఒక్క హ్యావ్ పెట్టనీకి చెయ్యి రాదు’ అని భార్య దగ్గర వాపోతాడు.

రిటైరయ్యే రోజు షెడ్డు ముందు ఫ్లెక్సీ కట్టారు: ‘హి వర్క్డ్ హియర్ ఫర్ 30 ఇయర్స్’. రాయించింది ట్రైనీ అమ్మాయే. సారు తలెత్తి చూశాడు.

‘హ్యాజ్ ఏదమ్మా?’

‘సర్వీసు అయిపోయింది కద సార్.’

‘టైమెంత?’

‘నాలుగు.’

‘నా డ్యూటీ ఐదున్నర దాకా. ఇంకా చేస్తున్ననా లేదా?’

అమ్మాయి రూలును రెండుసార్లు మనసులో తిప్పి చూసుకుంది. ఎటు తిప్పినా అది సారు వైపే ఉంది. మాట్లాడకుండా స్టూలు తెచ్చి వేసింది. సారు ఎక్కి, ‘హి’ పక్కన మార్కరుతో ‘హ్యాజ్’ ఇరికించి, దిగి చేతులు దులుపుకుని ‘ఐ హ్యావ్ కరెక్టెడ్ ఇట్’ అన్నాడు.

దాంట్లోనూ అమ్మాయికి తప్పు దొరకలేదు.