నెల చదువు

జనవరిలో బెజవాడ పుస్తకాల పండక్కెళ్లి రెండు సంచులు మోసుకొచ్చాను. నెల్లాళ్లూ అన్ని రకాలూ చదివేస్తానని శపథం!

‘వేయిపడగలు’ పదో పేజీలో గుర్తుకని పెట్టిన బస్సు టికెట్టు ఇంకా అక్కడే ప్రయాణిస్తోంది. 1897లో తొలిసారి అచ్చయిన ‘కన్యాశుల్కం’ ఆడియోలో పెట్టాను. అవతల గిరీశం లెక్చరు, ఇవతల నా గురక. ‘అమరావతి కథలు’ వందలో ఒకటి పూర్తిచేశాను, చిన్నది కనక. ఫోనులో ఈ-బుక్కు తెరిస్తే వాట్సాప్ చెయ్యిపట్టి లాక్కుపోయింది.

అయినా మా ఇంట్లో చదువరులు లేకపోలేదు. మా ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా రెండుసార్లు చదివింది... పుస్తకాల బిల్లు!